ముందు కొన్న టికెట్టు, గుమ్మం దగ్గర కొన్న టికెట్టు

సంగీతానికి వెల కట్టడమేమిటని ప్రశ్నించే పెద్దలు మన సంఘాలలో యింకా వున్నారు. వారి మాటను తేలికగా తీసివేయడానికి వీల్లేదు. పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో జరిగే త్యాగరాజస్వామి ఆరాధనకు టికెట్టు లేదు. పాడేవారు పారితోషికం పుచ్చుకోరు, వినేవారు పైకం చెల్లించరు. బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొంత ఆస్తి వెచ్చించి ఆ మహానుభావుని సమాధికి గుడి కట్టించిన చోటు అది. కాని అక్కడ జరిగేది ఆరాధన. మనం బెంగుళూరులోనో, చెన్నపట్నంలోనో, బరంపురంలోనో రెండువందల కుర్చీల హాలు ఒకటి సాయంకాలం నాలుగు గంటలకు అద్దెకు తీసుకుని చేసేది కచేరీ. హాలు యజమాని అద్దె అడుగుతాడు. మైకు తెచ్చిన కుర్రవాడు రాత్రి సామాను సర్దుకుంటూ మన ముఖం వంక చూస్తాడు. విద్వాంసులకు ఒప్పుకున్న పైకం యిచ్చి తీరాలి. యీ ఖర్చులను ఎవరో ఒకరు భరించాలి గనక టికెట్టు పుట్టింది.

వసూలు చేసే పద్ధతి మాత్రం కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. మన తాతల కాలంలో హరికథ చెప్పే దాసుగారు కథ మంచి పట్టులో వుండగా ఆపి, హారతి పళ్ళెం సభలోకి పంపేవారు. అంటే విన్న తరువాత, విన్నదానికి తగినట్టు, యెవరి శక్తికొద్దీ వారు వేసేవారు. నాటకాల రోజులు వచ్చేసరికి పద్ధతి మారింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభివారి వంటి సమాజాలు వూరూరా పందిళ్ళు వేసి ఆడిన కాలంలో నేల టికెట్టు, బెంచీ టికెట్టు, కుర్చీ టికెట్టు అని తరగతులుండేవి. అప్పుడు వెల కూర్చునే చోటునుబట్టి. యిప్పుడు చిన్న కచేరీలలో కుర్చీలన్నీ ఒక్కటే, ప్లాస్టిక్కువి. అందుచేత వెల యెక్కడ కూర్చున్నావన్నదానిని వదలి, యెప్పుడు కొన్నావన్నదానిని పట్టుకుంది. ముందు కొంటే ఒక రేటు, గుమ్మం దగ్గర కొంటే ఒక రేటు.

యిది పూర్తిగా కొత్త సంగతి అనుకోవడం సరికాదు. చెన్నైలో 1927 నాటి కాంగ్రెసు మహాసభ సందర్భంగా మొలకెత్తి 1928లో వెలసిన మ్యూజిక్ అకాడమీ మొదలుకొని పెద్ద సభలన్నిటికీ డిసెంబరులో సీజన్ టికెట్టు అనేది వుంది. బెంగుళూరులో చామరాజపేట శ్రీరామసేవా మండలివారు 1939 నుండి రామనవమికి జరుపుతున్న సంగీతోత్సవానికీ సీజన్ టికెట్టు యిస్తారు. సీజన్ టికెట్టు అంటే యేమిటి? నెలనాళ్ళ కచేరీలకు ఒక్కసారిగా ముందే డబ్బు కట్టి, విడివిడిగా కొనేవారికంటె తక్కువలో గట్టెక్కడం. మనం మాట్లాడుకునే అడ్వాన్సు టికెట్టుకు అది అన్నగారు. అయితే పెద్ద సభలకు పేరున్న విద్వాంసులున్నారు, తరతరాలుగా కొనే కుటుంబాలున్నాయి. యేడాదికి రెండు మూడు కచేరీలు మాత్రమే చేసుకునే మనవంటి సంఘాలకు ఆ అన్నగారి చొక్కా సరిపోదు. మన కొలతకు మనం కుట్టుకోవాలి.

మాటలో మాట. అడ్వాన్సును కన్నడంలో ముంగడ అంటారు. మన పాత తెలుగులో సంచకారం అనేవారు. కన్నడంలోనూ ఆ సంచకారమనే మాట వుంది గాని, యివాళ కన్నడ పత్రికలలో దానికి ముప్పు అనే అర్థమే యెక్కువగా కనబడుతుంది. బయానా కాస్తా అపాయంగా యెలా మారిందో భాషావేత్తలు చెప్పాలి. అడ్వాన్సు తీసుకుని సరుకు యివ్వనివారు యెక్కువైనారేమోనని నా అనుమానం.

ఇక అసలు ప్రశ్న. ముందుగా కొనేవారికి తగ్గించి యివ్వడం దేనికి? కచేరీ ఒక్కటే, పాట ఒక్కటే, కుర్చీ ఒక్కటే గదా?

చీటీలు వేసే యింటివారికి దీనిని వివరించనక్కరలేదు. చీటీపాటలో అందరికంటె ముందు డబ్బు కావలసినవాడు కొంత వదులుకుని పాడుకుంటాడు. కచేరీకి మూడు వారాల ముందే హాలుకు సగం అద్దె కట్టాలి, విద్వాంసులకు ప్రయాణానికి పంపాలి. ఆ డబ్బు మనకు ముందు కావాలి గనక మనం కొంత వదులుకోవాలి. యిది ఒక సగం. రెండవ సగం యింకా ముఖ్యమైనది. మూడు వారాల ముందు టికెట్టు కొన్న యిల్లాలికి ఆనాటికి పిల్లవాడికి జ్వరం రావచ్చు, వూరినుండి చుట్టాలు దిగవచ్చు, భర్తకు ఆఫీసులో ఆడిటు పడవచ్చు. రాలేకపోయినా ఆమె డబ్బు మన దగ్గరే వుంటుంది. అంటే మన సంఘం మోయవలసిన భయంలో కొంత ఆమె తన కొంగున ముడి వేసుకుంది. ఆ ముడికి మనం యిచ్చే ప్రతిఫలమే తగ్గింపు. అది దానమూ కాదు, దయా కాదు.

కొందరు దీనిని తలకిందులు చేయమంటారు. కచేరీ మొదలయ్యే వేళకు కుర్చీలు ఖాళీగా వుంటే గుమ్మం దగ్గర సగం ధరకు యిచ్చివేయమంటారు. ఖాళీ కుర్చీ రేపటికి పనికిరాదు, ఆకుకూర గంప వంటిదే. కాదనను. సాయంకాలం మార్కెట్టులో తోటకూర కట్టలు మూడు కొంటే ఒకటి కొసరు యిచ్చేది అందుకే. కాని ఆ సంగతి తెలిసిన గృహిణులు ఉదయం వెళ్ళడం మానేసి సాయంకాలమే వెడతారు. తోటకూర అమ్మే ఆమె రోజూ వస్తుంది గనక ఆమెకు ఒక విధంగా సరిపోతుంది. మనం యేడాదికి రెండుసార్లు వస్తాం. ఒక్కసారి గుమ్మం దగ్గర తగ్గించామా, వచ్చే కచేరీకి అడ్వాన్సు పుస్తకాలు బీరువాలోనే వుంటాయి.

యిక్కడ ఒక లెక్క వేసి చూడడం మంచిది. యివి ఊహకోసం పెట్టుకున్న అంకెలే. వూరినిబట్టి, హాలునుబట్టి మారతాయి. హాలులో 250 కుర్చీలనుకుందాం. హాలు అద్దె, కరెంటు బాపతు రు. 18,000. మైకు బాపతు రు. 8,000. ప్రధాన గాయకురాలికి రు. 25,000. వయొలిన్, మృదంగం విద్వాంసులకు చెరి రు. 8,000 చొప్పున రు. 16,000. ప్రయాణం, దండలు, కాఫీ ఫలహారాలు, అచ్చుఖర్చు కలిసి రు. 5,000. వెరసి రు. 72,000. దాతలూ, ప్రకటనలూ కలిసి రు. 30,000 తెచ్చారనుకుంటే, టికెట్ల మీద రాబట్టవలసింది రు. 42,000. దాతలకు, కళాకారుల యింటివారికి 40 కుర్చీలు పోగా అమ్మకానికి మిగిలినవి 210.

అందరికీ ఒక్కటే రేటు, రు. 250 అని పెట్టి, 160 మంది వచ్చారనుకోండి. రు. 40,000 వస్తుంది. రెండు వేలు తక్కువ. పోనీ రు. 300 చేద్దామంటే నలుగురు వచ్చే యింటినుంచి ముగ్గురే వస్తారు. 130 మందికి దిగిందనుకుంటే రు. 39,000. రేటు పెంచి నష్టం పెంచుకున్నట్టయింది. అదే, ముందు కొంటే రు. 250, గుమ్మం దగ్గర రు. 350 అన్నామనుకోండి. ముందు 110 మంది కొన్నారు, రు. 27,500. గుమ్మం దగ్గర 45 మంది, రు. 15,750. వెరసి రు. 43,250. ఖర్చు పోను పన్నెండువందల యాభై మిగిలింది. గొప్ప లాభమేమీ కాదు. చేతినుంచి పడలేదు, అంతే.

కాని రెండు రేట్ల గుణం తెలిసేది మంచిరోజున కాదు, వానరోజున. బెంగుళూరులో వుండేవారికి యేప్రిల్, మే నెలల సాయంకాలాలు యెలా వుంటాయో తెలుసు. నాలుగు గంటలదాకా యెండ మాడ్చివేసి, అయిదింటికి మబ్బు పట్టి, ఆరింటికి చెట్లు విరిగిపడేటంత గాలివాన. మన రామనవమి కచేరీలు సరిగ్గా ఆ రోజులలోనే వస్తాయి. దానికి తోడు 2008 నుండి ఐ.పి.ఎల్. క్రికెట్టు కూడా సాధారణంగా ఆ నెలలలోనే పడుతూ వచ్చింది. ఒక్కటే రేటు పెట్టినచోట ముందుగా కొనవలసిన అవసరం యెవరికీ లేదు గనక అందరూ గుమ్మం దగ్గర చూసుకుందామనుకుంటారు. వాన పడింది; 160 మందికి బదులు 90 మంది వచ్చారు. వచ్చింది రు. 22,500, తక్కువ పడింది రు. 19,500. రెండు రేట్లు పెట్టినచోట ముందు అమ్మిన రు. 27,500 చేతిలో వుంది. గొడుగులు వేసుకుని మరి పదిమంది గుమ్మం దగ్గరకు వచ్చినా రు. 3,500. వెరసి రు. 31,000, తక్కువ పడింది రు. 11,000. నష్టమే, కాని తేడా చూడండి: రు. 8,500. మృదంగం విద్వాంసునికి ఒప్పుకున్న పైకం, పైన ఒక అయిదువందలు.

మృదంగం పేరు కావాలనే యెత్తాను. డబ్బు తక్కువ పడిననాడు కార్యదర్శులు హాలు యజమానితో బేరమాడలేరు, తాళం అతని చేతిలో వుంటుంది. ప్రధాన గాయకురాలి దగ్గర మాట పోగొట్టుకోలేరు, మళ్ళీ పిలవాలి గదా. కత్తెర పడేది పక్కవాద్యం వారికే. పేరు చెప్పను గాని, ఒక సంఘంవారు యెనిమిది వేలకు పిలిచిన మృదంగం విద్వాంసునికి వేదిక మీద మంచి శాలువా కప్పి, అయిదు వేలున్న కవరు చేతిలో పెట్టారు. అంతమంది యెదుట కవరు విప్పి చూసుకునే మనిషి కాదాయన. ఆటోలో కూర్చున్నాక చూసుకున్నారట. తరువాత యెప్పుడో మాటల సందర్భంలో నాతో అన్నారు: "శాలువాతో కరెంటు బిల్లు కట్టలేను గదండీ!" నవ్వుతూనే అన్నారు. ఆ సంఘం పిలిస్తే ఆయన మళ్ళీ వెళ్ళలేదు. రెండు సంవత్సరాలకు ఆ సంఘంలో కచేరీలే ఆగిపోయాయి. టికెట్టు రేటు సంగతి కమిటీలో రాగానే యిదేదో వర్తకుల వ్యవహారమని ముఖం చిట్లించేవారు ఆ కవరును ఒకసారి తలచుకోవాలి.

రెండు రేట్ల మధ్య యెడం యెంత వుండాలన్నది యెక్కువ వాదాలకు తావిచ్చే విషయం. నా అభిప్రాయం చెబుతాను. గుమ్మం రేటులో అయిదోవంతుకు తక్కువ తగ్గిస్తే యెవరూ కదలరు. రు. 250, రు. 270 అని పెడితే ఆ యిరవై రూపాయలకోసం మూడు వారాల ముందే నిర్ణయం చేసుకునే వోపిక యెవరికుంటుంది? సగానికి సగం తేడా పెడితే గుమ్మం దగ్గరకు వచ్చినవాడికి తనను దోచుకుంటున్నారనే భావం కలుగుతుంది. ఆ కోపంతో కూర్చుని వినే సంగీతం చెవికెక్కదు. అయిదోవంతుకూ మూడోవంతుకూ మధ్య యెక్కడో నిలపడం సమంజసం. యింకొక మాట. అచ్చువేసేటప్పుడు అసలు ధర రు. 350 అనీ, ముందుగా కొనేవారికి నూరు రూపాయలు తగ్గింపు అనీ వేయాలి. ధర రు. 250 అనీ, ఆలస్యమైతే నూరు రూపాయలు అదనమనీ వేయరాదు. లెక్క ఒక్కటే అయినా మొదటిది ఆహ్వానంలా వుంటుంది, రెండవది స్కూలు ఫీజుమీద జరిమానాలా వుంటుంది.

గడువు యెప్పుడు పెట్టాలి? కచేరీ ఆదివారమైతే గురువారం రాత్రి యెనిమిది గంటలకు మూసివేయడం మంచిదని అనుభవంమీద తేలింది. శుక్రవారం ఉదయానికల్లా లెక్క తేలితే ఫలహారాలవారికి మనిషి లెక్క చెప్పవచ్చు. అమ్మకం తెరిచిన మొదటి నాలుగు రోజులలో కొంత వూపు వుంటుంది, నడుమ నిద్రపోతుంది, చివరి రెండు రోజులలో లేచి పరుగెత్తుతుంది. ఆ నడుమ నిద్ర చూసి కంగారుపడి రేటు తగ్గించరాదు. యింకొకటి, మావంటి నెలజీతగాండ్రు గ్రహించేది, వ్యాపారస్థులు గ్రహించనిది. అమ్మకపు గడువులో ఒకటో తేదీనుండి యేడో తేదీవరకు తప్పక పడాలి. పదిహేనున తెరిచి యిరవై యెనిమిదిన మూసివేస్తే, కొనాలని మనసున్న గుమాస్తా కూడా గుమ్మం రేటుకే చిక్కుతాడు. అతనికి మిగిలిందల్లా ఆ వారంలో జీతం లేకపోవడమే.

గడువంటూ పెట్టాక అది గడువుగానే వుండాలి. మా కౌంటరు దగ్గర ఒకసారి జరిగింది చెబుతాను. ఆదివారం అయిదున్నరకు ఒక పెద్దాయన వచ్చారు, రిటైరైన మాష్టారు, మా వీధిలో సగంమందికి లెక్కలు చెప్పినవారు. వెంట భార్య, కూతురు, అల్లుడు.

"నాలుగు యివ్వు నాయనా, పాత రేటుకే," అన్నారు.

"గడువు గురువారంతో అయిపోయిందండి మాష్టారూ. యిప్పుడు మూడువందల యాభై."

"నన్నెరగవా? సంఘం పెట్టిననాటినుండి మెంబర్ని."

"ఎరగకేమండీ. మీదగ్గర చదివినవాణ్ణే. అయినా..."

వెనక వరుసలో ఆ యేటి మా అధ్యక్షులు నిలబడి వున్నారు. ఆయనకూ వూరినుంచి హఠాత్తుగా బావమరిది దంపతులు దిగారు. ఆయన యేమీ అనలేదు. మాష్టారి పక్కనుండి చేయి చాచి యేడువందల రూపాయలు బల్లమీద పెట్టి, "నాకు రెండు, గుమ్మం రేటువి" అన్నారు. మాష్టారు ఒక క్షణం ఆయన ముఖం చూసి, జేబులోనుంచి పర్సు తీసి, మూడువందల యాభై నాలుగులు యెంతో కాగితం లేకుండానే చెప్పి పధ్నాలుగువందలు లెక్కబెట్టారు. ఆ సాయంకాలం తరువాత మా కౌంటరు దగ్గర పాత రేటు అడిగినవారు బహు తక్కువ. ఆరోజు అధ్యక్షులు తమవారికి తగ్గించి తీసుకునివుంటే ఆ కబురు తెల్లవారేసరికి మల్లేశ్వరందాకా పాకేది.

అయితే యీ పద్ధతిలో ఒక అన్యాయం దాగి వుంది, దానిని కప్పిపెట్టడం సరికాదు. ముందుగా కొనగలవాడెవడు? రేపు తన పని యేమిటో యివాళ తెలిసినవాడు. ఆసుపత్రిలో వంతులవారీగా పనిచేసే నర్సుకు తెలియదు. ఆటో నడిపే మనిషికి తెలియదు. గోడమీద కాగితం చూసి అప్పటికప్పుడు ఆగిపోయిన కుర్రవాడికి తెలియదు. సుఖంగా వున్నవారికి తగ్గింపు, కష్టపడేవారికి హెచ్చు ధర అన్నట్టు తయారవుతుంది. దీనికి విరుగుడుగా, వేదికకు దగ్గరగా జంఖానా పరచి, ముప్పయి మంది కూర్చునే చోటు నూరు రూపాయలకు, గుమ్మం దగ్గర మాత్రమే అమ్మవచ్చు. మన పాత నేల టికెట్టే యిది, మరొక రూపంలో. చెన్నై సభలలో రద్దీగా వున్న కచేరీకి వేదికమీదనే రసికులను కూర్చోబెట్టి టికెట్టు యివ్వడం వుంది, దానిని చిన్నతనంగా యెవరూ భావించరు. మృదంగం నాదం అక్కడ వినబడినట్టు సోఫాలలో వినబడదు. విద్యార్థులకూ, పెన్షనుదారులకూ రెండు రోజులా ఒక్కటే తక్కువ రేటు వుంచడం కూడా అవసరం. డెబ్బయి దాటినవారు ఆనాటి ఒంటి తీరు చూసుకుని బయలుదేరాలి గాని మూడు వారాల ముందు మాట యివ్వలేరు. పదేళ్ళలోపు పిల్లలను వూరికే రానివ్వాలి. కన్నడ బడులలో చదివే మన పిల్లలు తెలుగు కీర్తన తెలుగు నోట వినేది యిటువంటిచోటే. వారు మధ్యలో లేచి తిరిగితే తిరుగుతారు.

టికెట్టు పుస్తకాల సంగతి కొంచెం విపులంగా రాస్తాను, యెందుకంటే సంఘాలలో తగాదాలు సంగీతంమీద రావు, పుస్తకాలమీదే వస్తాయి. అడ్వాన్సు టికెట్లు ఒక రంగు, గుమ్మం టికెట్లు మరొక రంగు కాగితంమీద అచ్చువేయించాలి. రెండిటికీ వేరువేరు వరుస నంబర్లు, కౌంటర్‌ఫాయిళ్ళు వుండాలి. అడ్వాన్సు పుస్తకం తీసుకున్న ప్రతి సభ్యుడూ యే నంబరునుంచి యే నంబరువరకు తీసుకున్నాడో రిజిస్టరులో సంతకం చేయాలి. గడువు ముగిసిన మర్నాడు సాయంకాలానికల్లా అమ్మినవాటి డబ్బు, అమ్మని టికెట్లు తిరిగి రావాలి. అవి వచ్చి, రద్దు ముద్ర పడి, కట్ట కట్టిన తరువాతే గుమ్మం పుస్తకం విప్పాలి. యిది చేయకపోతే యేమవుతుందంటే, జేబులో మిగిలిన అడ్వాన్సు టికెట్లను మన సభ్యుడే గుమ్మం బయట స్నేహితులకు రు. 250కి యిస్తాడు. చెడ్డవాడై కాదు, మొహమాటస్థుడై. లోపల కౌంటరులో కూర్చున్నవాడు రు. 350 అడిగి తిట్లు తింటూ వుంటాడు.

2016లో యు.పి.ఐ. వచ్చినప్పటినుండి డబ్బు వసూలు సుళువైంది. కాని చెల్లింపు సంఘం ఖాతాకే రావాలి, అమ్మే సభ్యుని సొంత ఖాతాకు కాదు. ఫోనులో చెల్లింపు బొమ్మ చూపిస్తే చాలదు, సంఘం ఫోనుకు బ్యాంకు సందేశం వచ్చిందో లేదో చూడాలి. కొన్ని హాళ్ళు నేలమాళిగలో వుంటాయి, సిగ్నలు రాదు. కౌంటరును మెట్లపైనే పెట్టుకోవాలి. నగదు యిచ్చే పెద్దవారూ తగ్గలేదు. గుమ్మం రేటు రు. 350 గనక రెండు అయిదువందల నోట్లు యిచ్చి రెండు టికెట్లు అడుగుతారు, చిల్లర మూడువందలు. ఒక్క టికెట్టుకు అయిదువందలు యిస్తే నూటయాభై. అందుచేత నూరు, యాభై కాగితాల కట్టలు ముందురోజే బ్యాంకునుంచి తెచ్చిపెట్టుకోవాలి. శనివారం బ్యాంకు వుందో లేదో చూసుకోవాలి, రెండవ, నాలుగవ శనివారాలు సెలవు. టికెట్లు అమ్మిపెట్టే ఆన్‌లైన్ కంపెనీల దారి కూడా వుంది గాని, వారు కొనేవారి దగ్గర చివరి మెట్టులో ఛార్జీలు కలుపుతారు. రెండువందల యాభై అని చూసి వచ్చినవాడికి మరో అంకె కనబడుతుంది, నింద మనమీద పడుతుంది. రెండువందల కుర్చీలకు ఆ ఆర్భాటం అవసరమని నాకు తోచదు.

చట్టం సంగతి క్లుప్తంగా. పూర్వం చెన్నపట్నం రాష్ట్రంలో 1939 చట్టం కింద వినోదపు పన్ను వుండేది. దానిని తప్పించుకోవడానికే టికెట్టును డొనేషన్ పాసు అనే అలవాటు చాలాచోట్ల వచ్చింది. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చింది. కచేరీ ప్రవేశానికి మనిషి ఒక్కింటికి రు. 250 వరకు వున్న మినహాయింపును 2018 జనవరిలో రు. 500కు పెంచారు. కాబట్టి గుమ్మం రేటు పెంచేటప్పుడు ఆ గీత గుర్తుంచుకుని, ఆడిటరుగారిని ఒక మాట అడగడం మంచిది. యింకొక చిక్కు చాలామందికి తెలియదు. 1957 కాపీరైటు చట్టంలో ఔత్సాహిక సంఘాలు డబ్బు తీసుకోకుండా చేసే ప్రదర్శనలకు వెసులుబాటు వుంది. టికెట్టు పెట్టగానే ఆ వెసులుబాటును నమ్ముకోవడానికి వీల్లేదు. 1847లో పరమపదించిన త్యాగరాజస్వామి కీర్తనలకు యెవరి అనుమతీ అక్కరలేదు. కాని ఘంటసాల పాటల రాత్రి అని పెట్టి టికెట్టు అమ్మితే, రచయిత, స్వరకర్త పోయిన తరువాత కూడా 60 సంవత్సరాల హక్కు వుంటుంది గనక, లైసెన్సు ఖర్చు ఒక పద్దుగా ముందే వేసుకోవాలి.

పాసుల విషయం రాయకపోతే యీ వ్యాసం అసంపూర్ణం. ముందు రెండు వరుసలు దాతలకని వుంచుతాం. వారు రారు. వారి డ్రైవరు వచ్చి చెప్పినా బాగుండును, అదీ వుండదు. గుమ్మం దగ్గర రు. 350 యిచ్చి వెనక గోడకు ఆనుకున్న మనిషికి యెదుట ఖాళీ సోఫాలు కనబడుతూ వుంటాయి. పాసుమీదనే, మొదటి కీర్తన ముగిసేవరకే యీ చోటు ప్రత్యేకించబడింది అని అచ్చువేయించి, ఆ తరువాత గుమ్మం టికెట్టువారిని ముందుకు పిలవాలి. దాతలకు కోపం వస్తుందని కమిటీలో ఒకరిద్దరు భయపడతారు. వచ్చేవారికి కోపం రాదు, రానివారికి తెలియదు.

మిగిలింది టికెట్టు వెనకవైపు. అక్కడ మూడు సంగతులుండాలి. ఒకటి, యీ టికెట్టు మరొకరికి యివ్వవచ్చును. జ్వరం వచ్చిన యింటివారు పక్కింటివారికి యిస్తే కుర్చీ నిండుతుంది, ముందు కొనడానికి జంకూ తగ్గుతుంది. రెండు, కచేరీ వాయిదా పడితే యిదే టికెట్టు చెల్లుతుంది, వద్దన్నవారికి పదిహేను రోజులలో డబ్బు వాపసు. మూడు, కచేరీ మొత్తం రద్దయితే అడగకుండానే వాపసు. యీ మూడోదానికోసం, అడ్వాన్సు డబ్బు మొత్తం ఖర్చుపెట్టకుండా కచేరీ ముగిసేవరకు కొంత బ్యాంకులో కదపకుండా వుంచవలసి వుంటుంది. యెంత వుంచాలన్నది మన కోశాధికారిగారు వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదిస్తారు. సభ్యులు తమ లెక్కలతో రావలసిందిగా మనవి.